ఎండకు అడ్డుతెర.. గాలిలోని ధూళి!

* ఉదయపు మసక అంతా మంచు కాదు
* సూక్ష్మకణాల వల్ల నేలకు చేరే సూర్యకాంతికి కోత
* మేడపై సౌర పలకల నుంచి పసిపిల్లల ఎముకల వరకు ప్రభావం
* గాలి శుభ్రపడితే రోజుల్లోనే వెలుగు తిరిగి రాగలదు

సంతోష్‌నగర్: పుష్యమాసపు ఉదయం. గంట ఎనిమిది. సంతోష్‌నగర్ కాలనీలో ఏ మేడపైకి ఎక్కి తూర్పున చంపాపేట వైపు చూచినా సూర్యుడు రాగిపళ్లెంలా కనిపిస్తాడు. దూరపు నీటి ట్యాంకులు, మినార్లు, సెల్ టవర్లు బూడిదరంగు తెర వెనుక మసకబారి ఉంటాయి. ఆరవేసిన బట్టల నీడ సైతం నేలపై పలచగానే పడుతుంది. 'ఈ ఏడు మంచు ఎక్కువగా ఉన్నది' అని పెద్దలు అనుకోవడం పరిపాటి.

అయితే మంచు ఎండకు కరగాలి. పది గంటలు దాటినా, పదకొండు అయినా ఆ తెర పూర్తిగా తొలగడం లేదంటే అందులో మంచు కానిది మరేదో ఉన్నదని అర్థం. అది గాలిలో తేలియాడే సూక్ష్మకణాల సముదాయం. రోడ్లపై లేచే దుమ్ము, వాహనాల పొగ, చెత్త మంటల మసి, పొగల నుంచి గాలిలోనే రూపొందే రసాయన కణాలు అన్నీ అందులో కలిసి ఉంటాయి. ఇవి ఊపిరితిత్తులకు చేసే హాని గురించి ప్రజలకు కొంత అవగాహన ఉన్నది. కానీ ఇవే కణాలు మన మేడలపై, వీధుల్లో, పొలాల్లో పడవలసిన ఎండలో కొంత భాగాన్ని హరిస్తున్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఆకాశాన్ని కొలిచిన పేట

ఆకాశం ఎంత తేటగా ఉన్నదన్న ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్తది కాదు. సంతోష్‌నగర్‌ను ఆనుకుని ఉన్న ఫిసల్‌బండలోనే 1901లో నవాబు జఫర్ జంగ్ తన ఎస్టేట్‌లో 15 అంగుళాల దూరదర్శినితో ఖగోళ పరిశోధనశాలను నెలకొల్పారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో దానికి నిజామియా అబ్జర్వేటరీ అని పేరు వచ్చింది. నవాబు మరణానంతరం 1908లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుని బేగంపేటకు తరలించింది. ప్రపంచ దేశాలు కలిసి చేపట్టిన నక్షత్రపటాల రూపకల్పనలో ఈ పరిశోధనశాల పాలుపంచుకున్నది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వెళ్లింది.

తరువాతి కాలంలో నగరం విస్తరించింది. దీపాల కాంతి, పొగ, ధూళి పెరిగిన చోట మసక నక్షత్రాలను పరిశీలించడం కష్టసాధ్యం. 1968 నాటికి 48 అంగుళాల కొత్త దూరదర్శినిని నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్ వద్ద ప్రతిష్ఠించారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఖగోళ శాస్త్రజ్ఞులు మెరుగైన ఆకాశాన్ని వెదుక్కుంటూ వెళ్లగలరు. ఇక్కడే నివసించే లక్షలాది ప్రజలకు ఆ అవకాశం లేదు.

ఏమిటీ కణాలు?

గాలిలో తేలియాడే ఘన, ద్రవ రూప కణాలను శాస్త్రజ్ఞులు ఏరోసాల్స్ అని వ్యవహరిస్తారు. మీటరులో పదిలక్షల వంతును ఒక మైక్రాన్ అంటారు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలను పీఎం 10గా, 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న వాటిని పీఎం 2.5గా లెక్కిస్తున్నారు.

రోడ్ల దుమ్ము, నిర్మాణ స్థలాల సిమెంటు, ఇసుక పొడి పెద్ద కణాల కోవకు చెందినవి. ఇవి త్వరగానే నేలకు దిగుతాయి. డీజిల్ పొగ, కట్టెల పొగ, టైర్లు, ప్లాస్టిక్ తగులబెట్టగా వచ్చే మసి సూక్ష్మకణాలు. ఇంధనాలు మండినప్పుడు వెలువడే గంధక, నత్రజని వాయువులు గాలిలోనే మార్పు చెంది సల్ఫేటు, నైట్రేటు కణాలుగా రూపొందుతాయి. ఇవి కంటికి కనపడవు. వర్షం కడిగేవరకు దాదాపు వారం రోజుల పాటు గాలిలోనే సంచరించగలవు.

పాతబస్తీలో వీటి పుట్టుకకు కారణాలు అందరికీ తెలిసినవే. ఐఎస్ సదన్, చాంద్రాయణగుట్ట కూడళ్ల వద్ద బారులు తీరే బస్సులు, ఆటోలు, లారీలు. రోడ్ల అంచుల్లో పేరుకున్న మట్టి. ఇళ్ల ముందు కుప్పలుగా పోసిన ఇసుక. హోటళ్లు, బేకరీల కట్టెల భట్టీలు. ఖాళీ స్థలాల్లో చెత్తకు పెట్టే నిప్పు. సమీపంలోని పారిశ్రామిక వాడలు. వీటికి తోడు సుదూర ప్రాంతాల నుంచి గాలి మోసుకువచ్చే అడవి మంటల పొగ, పంట వ్యర్థాల పొగ, ఎడారి ధూళి సైతం నగరంపైకి చేరుతుంటాయి.

కాంతిని అవి ఏం చేస్తాయి?

సూర్యుని దృశ్యకాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్ల వరకు ఉంటుంది. కణం పరిమాణం ఈ కొలతకు దగ్గరగా ఉన్నప్పుడు అది కాంతికి ఎక్కువగా అడ్డుపడుతుంది. బరువు పరంగా చూస్తే రోడ్డు దుమ్ముదే పైచేయి కావచ్చు. కానీ ఒక గ్రాము దుమ్ము కన్నా ఒక గ్రాము పొగకణాలే ఎక్కువ వెలుగును మరల్చగలవు. ఆరోగ్యానికి ఎక్కువ చేటు చేసే సూక్ష్మకణాలే ఎండకూ ఎక్కువ అడ్డు కావడం గమనార్హం.

కణాలు కాంతిపై రెండు విధాలుగా పనిచేస్తాయి. మొదటిది పరిక్షేపణం. కణాన్ని తాకిన కిరణం దారి మళ్లి పక్కలకు చెదురుతుంది. అందులో ఎక్కువ భాగం ముందుకే సాగి నేలకు చేరుతుంది. కొంత భాగం మాత్రం వెనుదిరిగి అంతరిక్షంలోకి పోతుంది. సల్ఫేటు, నైట్రేటు కణాలు ప్రధానంగా ఈ పనే చేస్తాయి. రెండోది శోషణం. మసిలోని నల్లకర్బనం కాంతిని మింగి వేడిగా మార్చుతుంది. ఆ వెలుగు ఇక నేలకు చేరదు. దాని వేడి మాత్రం కణాలున్న గాలిపొరలోనే ఉండిపోతుంది.

కనుక నేలపై మనకు అందే ఎండలో రెండు పాయలు ఉంటాయి. సూర్యుని నుంచి నేరుగా వచ్చే ప్రత్యక్ష కిరణాలు ఒకటి. ఆకాశం నలుదిక్కుల నుంచి వచ్చే చెదిరిన వెలుగు రెండోది. ధూళి పెరిగిన కొద్దీ మొదటిది బాగా తగ్గి, రెండోది కొంత పెరుగుతుంది. రెండింటి మొత్తం మాత్రం తగ్గుతుంది. ప్రత్యక్ష కిరణాలలో కోల్పోయినదంతా చెదిరిన వెలుగు రూపంలో తిరిగి రాదు.

దీనిని ఎవరైనా పరికరాలు లేకుండానే గమనించవచ్చు. తేట ఆకాశం ఉన్న రోజు మేడపై నిలబెట్టిన కర్ర నీడ ముదురుగా పడుతుంది. ధూళి నిండిన రోజు మబ్బు లేకున్నా నీడ వెలవెలబోతుంది. చెదిరిన వెలుగు నీడలోనికి కూడా చొరబడటమే ఇందుకు కారణం. ఆకాశం రంగు మరో గుర్తు. గాలి అణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టడం వల్ల ఆకాశం నీలంగా ఉంటుంది. కణాలు పెరిగితే అన్ని రంగులూ చెదిరి ఆకాశం పాలిపోయి తెల్లబారుతుంది. అయితే మసకగా ఉన్నా సరే సూర్యుని వైపు నేరుగా చూడరాదు. కంటికి ప్రమాదం.

లెక్క ఇదీ

గాలిలోని కణాలు కాంతిని అడ్డుకునే సామర్థ్యాన్ని ఆప్టికల్ డెప్త్ అనే సంఖ్యతో సూచిస్తారు. కణాలే లేకుంటే అది సున్నా. తేట ఆకాశంలో 0.1 దరిదాపు ఉంటుంది. మసక కమ్మిన నగరాలపై 0.5, ఆపై కూడా నమోదవుతుంటుంది. ఉదాహరణకు 0.5 అనుకుందాం. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటే ప్రత్యక్ష కిరణాల్లో నూటికి సుమారు 61 పాళ్లు మాత్రమే కణాల తెరను దాటగలవు. 0.1 ఉన్న రోజున 90 పాళ్లు దాటుతాయి.

సూర్యుడు వంగిన కొద్దీ కిరణాలు గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించాలి. హైదరాబాద్‌లో సూర్యుడు ఏడాదికి రెండు పర్యాయాలు మాత్రమే నడినెత్తికి వస్తాడు. 2023లో మే 9న, ఆగస్టు 3న నగరంలో నిటారు వస్తువుల నీడ మాయమైన సంగతి పాఠకులకు తెలిసిందే. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం సైతం సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు అదే ధూళితెరను దాటేవి 52 పాళ్లు. జనవరి మొదట్లో ఉదయం 8 గంటలకు సూర్యుని ఎత్తు ఇంచుమించు 15 డిగ్రీలు. కిరణాల దారి దాదాపు నాలుగు రెట్లు పెరుగుతుంది. ఆ వేళ నేరుగా చేరేవి సుమారు 15 పాళ్లే. రాగిపళ్లెం వంటి సూర్యుని రహస్యం ఇదే. నీలం, ఆకుపచ్చ కిరణాలు దారిలోనే చెదిరిపోగా ఎరుపు, నారింజ రంగులు మిగులుతాయి.

ఋతువును బట్టి ధూళి

చలికాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దానిపైని గాలి వెచ్చగా ఉండి మూత బిగించినట్లవుతుంది. నగరపు పొగ పైకి పోలేక కింది పొరలోనే నిలిచిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే సల్ఫేటు, నైట్రేటు కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన కణం మరింత కాంతిని చెదరగొడుతుంది. ఉదయపు మసకలో మంచు, కాలుష్యం విడదీయలేనంతగా కలిసిపోవడానికి ఇదే హేతువు. ఎండ ముదిరిన పిదప నేల వేడెక్కి గాలి పైకి లేచి కణాలు పలచబడతాయి. చీకటి పడగానే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

వేసవిలో పరిస్థితి వేరు. గాలిపొర ఎత్తు పెరిగి కణాలు కొన్ని కిలోమీటర్ల మేర విస్తరిస్తాయి. నేల వద్ద గాలి కొంత మెరుగ్గా కనిపించినా కాంతి దాటవలసిన మొత్తం కణాల తెర మాత్రం దట్టంగానే ఉండవచ్చు. పొడిగాలులు మోసుకువచ్చే ధూళి అందులో ప్రధాన పాత్ర వహిస్తుంది. నైరుతి రుతుపవనాల వానలు గాలిని కడుగుతాయి. వాన వెలసిన మరునాడు గోల్కొండ కోట స్పష్టంగా కనిపించడం నగరవాసులకు అనుభవైకవేద్యమే.

హైదరాబాద్ నుంచే పరిశోధనలు

ఈ విషయంలో నగరానికి విశిష్ట స్థానం ఉన్నది. బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన సంస్థ 2008 సెప్టెంబరులో ఇస్రోలో భాగమై ఎన్ఆర్ఎస్‌సీగా మారింది. ఆ సంస్థ శాస్త్రజ్ఞుడు కె.వి.ఎస్. బదరీనాథ్, ఆయన సహచరులు 2000 దశకంలో హైదరాబాద్ గాలిలోని నల్లకర్బనం, ధూళికణాలు, నేలకు చేరే సౌర వికిరణంపై పలు పరిశోధన పత్రాలు ప్రచురించారు. చలికాలంలో దహనం వల్ల పుట్టే సూక్ష్మకణాల పాలు, వేసవిలో ధూళి వంటి పెద్ద కణాల పాలు పెరుగుతున్నట్లు ఆ పరిశీలనలలో వెల్లడైంది.

ఇందుకు రెండు పరికరాలు ముఖ్యం. సూర్యుని వైపు గురిపెట్టి వేర్వేరు రంగుల కాంతి తీవ్రతను కొలిచేది సన్ ఫోటోమీటర్. ఏ రంగు ఎంత తగ్గిందన్న దానిని బట్టి కణాల పరిమాణాన్ని అంచనా వేస్తారు. గాజుగుమ్మటం కింద నలుదిక్కుల నుంచి వచ్చే మొత్తం వెలుగును కొలిచేది పైరనోమీటర్. దానిపై ప్రత్యక్ష కిరణాలు పడకుండా నీడపట్టీ అమర్చితే చెదిరిన వెలుగు విడిగా తెలుస్తుంది.

కణాలు ఎంత ఎత్తు వరకు చేరుతున్నాయన్న ప్రశ్నకు కూడా హైదరాబాద్ ఆకాశమే సమాధానం చెప్పింది. 2010 మార్చి 17న టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన నగరంలోని బెలూన్ కేంద్రం నుంచి ఒక భారీ బెలూన్‌ను ఎగురవేశారు. తిరువనంతపురంలోని విక్రం సారాభాయ్ అంతరిక్ష కేంద్రం శాస్త్రజ్ఞులు అమర్చిన పరికరాలు సుమారు 4.5 కిలోమీటర్లు, 8 కిలోమీటర్ల ఎత్తులలో నల్లకర్బనపు పొరలను గుర్తించాయి. మసి ఎండను మింగి చుట్టూ ఉన్న గాలిని వేడిచేయగా, ఆ వేడిగాలి పైకి లేస్తూ మసినీ మోసుకుపోతున్నదని వారు అభిప్రాయపడ్డారు. వీధిలో పుట్టిన పొగ వీధిలోనే ఆగిపోదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

దేశమంతటా తగ్గిన ఎండ

నేలకు చేరే సూర్యకాంతి దశాబ్దాలుగా తగ్గుతున్నదని 20వ శతాబ్దం చివర పలు దేశాల పరిశోధకులు గుర్తించారు. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు గెరాల్డ్ స్టాన్‌హిల్ ఈ పరిణామానికి 'గ్లోబల్ డిమ్మింగ్' అని పేరు పెట్టారు. 1999లో వీరభద్రన్ రామనాథన్ ప్రభృతులు నిర్వహించిన హిందూ మహాసముద్ర ప్రయోగం దక్షిణాసియా నుంచి సముద్రంపైకి విస్తరించిన గోధుమరంగు పొగతెరను వెలుగులోకి తెచ్చింది. పొడికాలంలో ఉత్తర హిందూ మహాసముద్రంపై చేరే సూర్యకాంతిని ఆ తెర చదరపు మీటరుకు సగటున 20 వాట్ల మేర తగ్గిస్తున్నదని తేలింది.

మన దేశంలో 12 కేంద్రాలలో 1981 నుంచి 2004 వరకు నమోదైన సౌర వికిరణాన్ని పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు విశ్లేషించారు. బి. పద్మకుమారి తదితరులు 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఎండ తీవ్రత చదరపు మీటరుకు ఏటా సగటున 0.86 వాట్ల చొప్పున తగ్గింది. ఆ కాలమంతటికీ కూడితే సుమారు 20 వాట్లు. రేయింబవళ్లు కలిపి ఏడాది పొడవునా మన దేశంలో నేలకు అందే ఎండ సగటు 200 వాట్లకు కాస్త పైన ఉంటుంది. అంటే పదో వంతుకు దరిదాపు అన్నమాట.

2025లో వెలువడిన మరో అధ్యయనం 1988 నుంచి 2018 వరకు సూర్యుడు ప్రకాశించిన గంటలను లెక్కించింది. ఉత్తరాది మైదానాలలో ఏటా 13 గంటల చొప్పున, దక్కను పీఠభూమిలో ఏటా సుమారు 3 గంటల చొప్పున తగ్గుదల కనిపించింది. ఉత్తరాదితో పోల్చితే మన నష్టం స్వల్పమే అయినా దిశ మాత్రం ఒకటే. ఈ తగ్గుదలకు కణాలు ఒక్కటే కారణం కాదు. మబ్బుల పాత్ర కూడా ఉన్నది. అయితే మబ్బుబిందువులు ఏర్పడేది కూడా ధూళికణాలను ఆధారం చేసుకునే కనుక వీటిని పూర్తిగా వేరుచేసి చూడలేము.

సౌర పలకలకు రెండు తెరలు

సామాన్యునికి ఇందులో నష్టం ఏమిటన్న ప్రశ్న సహజం. మొదటిది కరెంటు లెక్క. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సౌరవిద్యుత్ ఏర్పాటుకు గరిష్ఠంగా రూ.78 వేల రాయితీ ప్రకటించారు. మేడలపై నీలి పలకలు క్రమేణా పెరుగుతున్నాయి. 3 కిలోవాట్ల పలకలు మంచి ఎండలో రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. ఎండలో పదో వంతు తగ్గితే రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు చేజారినట్లే. అప్పుచేసి పలకలు పెట్టించుకున్న కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

పలకలకు ధూళి రెండు చోట్ల అడ్డుపడుతుంది. గాలిలోని కణాలు ఒక తెర. పలకల గాజుపై పేరుకునే దుమ్ము, మసి రెండో తెర. గాంధీనగర్ ఐఐటీ, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఈ రెండింటినీ కలిపి లెక్కించారు. కాలుష్యం అధికంగా ఉన్న ప్రాంతాలలో సౌరవిద్యుత్ ఉత్పత్తి 17 నుంచి 25 శాతం వరకు తగ్గవచ్చునని వారి అంచనా. ఐఐటీ పైకప్పుపై కొన్ని వారాలకోసారి పలకలు కడిగిన ప్రతిసారీ ఉత్పత్తి 50 శాతం వరకు పెరిగినట్లు గుర్తించారు. మొదటి తెరను ఒక్క ఇల్లు తొలగించలేదు. రెండోదానిని బకెట్ నీళ్లతో తొలగించవచ్చు.

పసిపిల్లల ఎముకలు

రెండో నష్టం ఆరోగ్యానిది. చర్మంపై ఎండ పడినప్పుడు శరీరం విటమిన్-డి తయారుచేసుకుంటుంది. ఎముకల గట్టిదనానికి అది అత్యవసరం. ఇందుకు తోడ్పడేవి అతినీలలోహిత కిరణాలలోని ఒక చిన్న భాగం మాత్రమే. అవి పొట్టి తరంగాలు కావడంతో గాలిలో తేలికగా చెదిరిపోతాయి. ఉదయం, సాయంత్రం వంగిన ఎండలో అవి స్వల్పం. కిటికీ గాజు వాటిని దాదాపు పూర్తిగా ఆపివేస్తుంది. దీనికి ధూళితెర కూడా తోడైతే మిగిలేది మరింత తక్కువ.

ఢిల్లీలో వైద్యులు 9 నుంచి 24 నెలల వయసు పిల్లలపై జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. కాలుష్యం ఎక్కువగా ఉన్న మోరీగేట్ ప్రాంతపు పిల్లల రక్తంలో విటమిన్-డి మిల్లీలీటరుకు సగటున 12.4 నానోగ్రాములు ఉన్నది. అప్పట్లో కాలుష్యం తక్కువగా ఉన్న గుర్గావ్ పిల్లలలో అది 27.1 నానోగ్రాములు. మోరీగేట్‌లో నేలకు చేరుతున్న ఆ కిరణాలు కూడా తక్కువేనని వారు కొలిచి చూపారు. ఆహారం, దుస్తులు, బయట గడిపే సమయం వంటివి కూడా విటమిన్-డి పై ప్రభావం చూపుతాయన్నది మరువరాదు.

పాతబస్తీ ఇరుకు గల్లీల్లో ఎండ నేలను తాకేది పగటిపూట కొద్దిసేపే. చాలామంది మహిళలు, పసిపిల్లలు గదుల్లోనే గడుపుతుంటారు. అందే ఆ కొద్ది ఎండ ధూళి వల్ల మరింత పలచబడటం ఉపేక్షించదగిన విషయం కాదు. పిల్లలకు కాళ్లు వంకర తిరగడం, నడక ఆలస్యం కావడం, పెద్దలకు ఎడతెగని ఎముకల నొప్పులు ఉంటే వైద్యులను సంప్రదించి పరీక్ష చేయించుకోవడం మేలు.

ఎండ తగ్గితే మంచిదే కదా?

మే నెల ఎండకు తాళలేని నగరవాసికి ఈ సందేహం రాక తప్పదు. కణాలు నేలకు చేరే వెలుగును తగ్గించి కొంత చల్లదనం కలిగించే మాట నిజమే. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం బద్దలై సుమారు 2 కోట్ల టన్నుల గంధక వాయువును అత్యంత ఎత్తుకు చిమ్మింది. దాని నుంచి ఏర్పడిన కణాల వల్ల 1992లో భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. అంతకు పూర్వం 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతం పేలిన తరువాత సెప్టెంబరులో మద్రాసు ప్రజలకు ఆకుపచ్చని సూర్యుడు దర్శనమిచ్చాడు.

కానీ నగరపు ధూళిని చలువపందిరిగా భావించడం పొరపాటు. మసి మింగిన వేడి గాలిలోనే మిగులుతుంది. నేల చల్లబడి పైగాలి వేడెక్కితే గాలి కదలిక మందగించి పొగ మరింత నిలిచిపోతుంది. సముద్రంపై ఎండ తగ్గితే ఆవిరి తగ్గి, వానలపై ప్రభావం పడుతుంది. భూతాపాన్ని కణాలు కొంత మరుగుపరుస్తున్నాయే తప్ప నివారించడం లేదు. బొగ్గుపులుసు వాయువు శతాబ్దాల పాటు గాలిలో ఉంటుంది. కణాల ఆయుష్షు వారం రోజులే. గాలి శుభ్రపడిన కొద్దీ ఇన్నాళ్లూ దాగిన వేడి కొంత బయటపడుతుందన్నది కూడా వాస్తవమే. అందువల్ల పొగను, భూతాపానికి కారణమైన వాయువులను కలిపి తగ్గించవలసి ఉన్నది. ఊపిరితిత్తులను పణంగా పెట్టి పొందే నీడ నీడ అనిపించుకోదు.

వారాల్లోనే తేటపడిన ఆకాశం

కణాల ఆయుష్షు స్వల్పం కావడంలోనే ఆశ కూడా ఉన్నది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై వాహనాలు, పరిశ్రమలు ఆగిపోయాయి. ఢిల్లీలో సౌర పలకలపై పడిన ఎండను పరిశోధకులు గత సంవత్సరాలతో పోల్చగా, మార్చి చివర సుమారు 8.3 శాతం, ఏప్రిల్‌లో 5.9 శాతం అధికంగా ఉన్నట్లు తేలింది. మన నగరవాసులు సైతం ఆ రోజులలో నీలాకాశాన్ని చూచి ముచ్చటపడ్డారు. జీవనోపాధిని స్తంభింపజేసి గాలిని శుభ్రం చేయడం ఎవరూ కోరదగినది కాదు. అయితే పొగ తగ్గిస్తే వెలుగు తిరిగి రావడానికి తరాలు పట్టదని ఆ రోజులు రుజువు చేశాయి.

ప్రభుత్వపరంగా 2019 జనవరిలో జాతీయ శుద్ధవాయు కార్యక్రమం మొదలైంది. గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో హైదరాబాద్ కూడా చేరింది. మన దేశ ప్రమాణాల ప్రకారం పీఎం 2.5 వార్షిక సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, పీఎం 10 సగటు 60 మైక్రోగ్రాములు దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వీటిని 5, 15గా సూచించింది. సంతోష్‌నగర్‌కు చేరువలో న్యూ మలక్‌పేట, జూపార్కుల వద్ద గాలి నాణ్యతను నిరంతరం కొలిచే కేంద్రాలున్నాయి. వాటి వివరాలను ఎవరైనా ఏ రోజుకారోజు చూడవచ్చు.

మన వంతుగా..

* చెత్త, ఎండుటాకులు, టైర్లు, ప్లాస్టిక్‌కు నిప్పు పెట్టరాదు. ఎండను మింగే మసి ప్రధానంగా పుట్టేది ఇటువంటి మంటల నుంచి, డీజిల్ పొగ నుంచే.

* ఇల్లు కట్టేవారు ఇసుక, సిమెంటు కుప్పలపై పట్టాలు కప్పాలి. తడిపిన తరువాతే ఊడ్చాలి. శిథిలాలను రోడ్డు పక్కన పోయకుండా నగరపాలక సంస్థ ద్వారా జీడిమెట్ల, ఫతుల్లాగూడ శుద్ధి కేంద్రాలకు చేర్చాలి.

* వాహనాల పొగ పరీక్ష కాగితం కోసం కాక ఇంజను కోసం చేయించాలి. నల్లపొగ వదిలే బండి ఇంధనాన్ని కూడా వృథా చేస్తున్నదని గుర్తించాలి.

* సౌర పలకలను వానలేని నెలల్లో రెండు వారాలకోసారైనా కడగాలి. ఉదయం పలకలు చల్లగా ఉన్నప్పుడు మెత్తని గుడ్డ, మంచినీరు వాడాలి. కడగడానికి ముందు, తరువాత మీటరులో యూనిట్లు చూస్తే ధూళి వల్ల ఎంత నష్టపోయారో తెలుస్తుంది.

* పాఠశాలల్లో విద్యార్థులచే ప్రతిరోజూ ఒకే సమయాన కర్ర నీడ ముదురు, ఆకాశం రంగు, దూరాన కనిపించే కట్టడాల వివరాలు నోటుపుస్తకంలో రాయించవచ్చు. ఖర్చులేని ఈ ప్రయోగంతో ఏడాదిలో తమ పేట ఆకాశపు చరిత్ర వారికే తెలుస్తుంది.

నూట ఇరవై ఏళ్ల క్రితం ఫిసల్‌బండలో ఒక వ్యక్తి సొంత ఖర్చుతో దూరదర్శిని తెప్పించి నక్షత్రాలు చూడాలని సంకల్పించారు. నేడు అదే ప్రాంతంలో మేడలపై సౌర పలకలు నిలబెట్టి సూర్యుని వెలుగును కరెంటుగా మార్చుకోవాలని సామాన్య కుటుంబాలు ఆశపడుతున్నాయి. ఆ వెలుగుకు అడ్డుపడుతున్న తెరలో కొంత భాగం ఎక్కడి నుంచో వచ్చినా, మన వీధిలో మనమే అల్లుతున్న పోగులూ అందులో ఉన్నాయి. కనీసం వాటినైనా తగ్గించుకోవడం మన చేతుల్లోని పని.